పెట్టె ముందు, కొట్టు తరవాత: ఆన్‌లైన్ వ్యాపారానికి తలకిందుల చిట్కాలు

పెడన నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళింట్లో కలంకారీ అద్దకం పని. నాన్న రంగుల దగ్గర, అన్న అద్దకం బల్ల దగ్గర, తను లెక్కల దగ్గర. "అక్కా, నెలకి రెండు వేలు కడితే మనకంటూ సొంత వెబ్‌సైట్ వస్తుందంట. కార్టు, పేమెంటు అన్నీ అందులోనే ఉంటాయంట. తీసుకోమంటావా?" అనడిగింది.

"మీ ఇంట్లో కాటా ఉందా?" అన్నాను.

"కాటా ఎందుకక్కా?"

"టేపు?"

"జాకెట్లు కుట్టే టేపు ఉంది."

అక్కడ మొదలైన మాట గంటసేపు సాగింది. పదేళ్ళుగా విజయవాడ గవర్నరుపేటలో ఒక గదిలోంచి కొండపల్లి బొమ్మలు, పెడన బట్ట పార్సెళ్ళు కట్టి పంపుతున్నాను. ఆ అమ్మాయికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. వినగానే తలకిందులుగా అనిపిస్తాయి. ఎవరైనా వెబ్‌సైట్ ముందు పెట్టు, ఆర్డర్లు తరవాత వస్తాయి అంటారు. నేను వెబ్‌సైట్ చివర పెట్టమంటాను. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గుతుందంటారు. నేను నెల నెలా ఎక్కువే కట్టమంటాను. దేశమంతా అమ్మమంటారు. నేను రాష్ట్రం దాటొద్దంటాను. ప్రతిదానికీ నా దగ్గర లెక్క ఉంది.

షట్టర్‌కి అద్దె కట్టే ముందు వీధిలో జనం ఉన్నారో లేదో చూడండి

బీసెంట్ రోడ్డులో ఎనిమిది అడుగుల కొట్టు అద్దెకి తీసుకున్నామనుకోండి. ఆ అద్దె గోడలకీ షట్టర్‌కీ కట్టేది కాదు. సాయంత్రం ఆరింటికి ఆ రోడ్డు మీద నడిచే జనానికి కడుతున్నాం. చెప్పుల కోసం వచ్చిన మనిషి మన గుమ్మంలో బొమ్మ చూసి ఆగుతుంది. ఆ ఆగడానికే అంత అద్దె. అదే కొట్టు రామవరప్పాడు అవతల పొలాల మధ్య ఉంటే పది వంతుల్లో ఒక వంతు అద్దె కూడా ఎవరూ ఇవ్వరు.

షాపిఫై లాంటి వాళ్ళు అద్దెకిచ్చే ఆన్‌లైన్ కొట్టు చాలా మంచి కొట్టు. గోడలు గట్టివి, తాళం గట్టిది, అర్ధరాత్రి కరెంటు పోదు. కానీ దాని ముందు వీధి లేదు. జనాన్ని మనమే తీసుకురావాలి, ఇన్‌స్టాగ్రామ్‌లో రీళ్ళు చేసో, ఫేస్‌బుక్ ప్రకటనలకి డబ్బు పోసో, తెలిసినవాళ్ళ చేత చెప్పించో. చిన్న వ్యాపారి బడ్జెట్‌కి ఇది సరిపోతుందా అనే ప్రశ్నలో అందరూ నెల చందా ఒక్కటే చూస్తారు. వీధిని కట్టుకునే ఖర్చు ఎవరూ చూడరు. చందా 2,000 అయితే చేతిలో 2,000 ఉంటే చాలనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఒక కంపెనీ దగ్గర ఏడాది చందా ఒకేసారి కట్టి, బొమ్మలన్నిటికీ ఫోటోలు తీయించి కొట్టు తెరిచాను. ఏడాదిలో పదకొండు ఆర్డర్లు వచ్చాయి. వాళ్ళ తప్పేమీ లేదు. కొట్టు చెప్పినట్టే పనిచేసింది. వీధే లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. షాపిఫై పెట్టినాయన తోబి లుట్కె 2004లో కెనడాలోని ఒట్టావాలో మంచు మీద జారే పలకలు ఆన్‌లైన్‌లో అమ్మేవాడు. అప్పట్లో దొరికే సాఫ్ట్‌వేర్లు నచ్చక తన కొట్టు కోసం తనే ఒకటి రాసుకున్నాడు. అది 2006లో షాపిఫై అయింది. ముందు సరుకు అమ్మాడు, అమ్మడంలో ఇబ్బంది పడ్డాడు, ఆ ఇబ్బంది తీర్చుకోవడానికి కొట్టు కట్టాడు. మనం ఆ వరసని తిరగేసి ముందు కొట్టు తీసుకుని, ఇబ్బంది ఏమిటో తరవాత వెతుక్కుంటున్నాం.

మొదటి ఖర్చు అట్టపెట్టె మీద పెట్టండి

అందుకే కాటా, టేపు అడిగాను.

కొండపల్లి అంబారీ ఏనుగునే తీసుకోండి. తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చేతిలో పెడితే బరువే తెలియదు. ముక్కల్ని విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. తొండం, దంతాలు, అంబారీ గొడుగు అన్నీ అతుకులే. దెబ్బ తగిలితే ముందు గొడుగు పోతుంది, తరవాత తొండం. కాబట్టి చుట్టూ నాలుగు వేళ్ళ మందం మెత్త ఉండాలి. ఆ మెత్తతో కలిపి అట్టపెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు అవుతుంది.

కాటా మీద పెడితే మొత్తం అరకిలో లోపే తూగింది. కొరియర్ వాళ్ళు మాత్రం మూడు కిలోలకి బిల్లు వేస్తారు. ఇందులో మోసం లేదు. పొడవునీ వెడల్పునీ ఎత్తునీ గుణించి 5,000తో భాగిస్తారు. 30, 25, 20 గుణిస్తే 15,000. దాన్ని 5,000తో భాగిస్తే 3. అసలు బరువూ ఈ లెక్క బరువూ రెంటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. లారీలో మన పెట్టె ఆక్రమించే చోటుకి కట్టే కిరాయి అది. ఈ లెక్క తెలియక బొమ్మలకి "ఫ్రీ డెలివరీ" అని బోర్డు పెట్టినవాళ్ళు ఒక్కో బొమ్మకీ చేతి నుంచి వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను.

కాబట్టి వెబ్‌సైట్‌కి పెట్టాలనుకున్న మొదటి రెండు వేలతో నాలుగు సైజుల అట్టపెట్టెలు కొనండి. గట్టి రకం కొనండి. ఒక వస్తువుని పెట్టెలో కట్టి, నడుము ఎత్తు నుంచి గచ్చు మీద మూడుసార్లు పడేయండి. ఒకసారి అడుగు మీద, ఒకసారి పక్క మీద, ఒకసారి మూల మీద. మీరు కష్టపడి తెచ్చిన సరుకుని మీ చేతులతో పడేయడం మనసొప్పదు. నాకూ ఒప్పలేదు. మొదటిసారి గొడుగు విరిగింది. ఏం చేయాలో ఆ విరగడమే చెప్పింది. గొడుగు చుట్టూ విడిగా అట్ట గొట్టం పెట్టడం మొదలుపెట్టాను. పెట్టె ఒక్కో వైపూ రెండు సెంటీమీటర్లు తగ్గించగలిగితే 28, 23, 18 అవుతుంది. గుణిస్తే 11,592. లెక్క బరువు 2.3 కిలోలకి దిగింది. ఆ రెండు సెంటీమీటర్ల కోసం నేను వారం రోజులు కష్టపడ్డాను. ఏ వెబ్‌సైట్ డిజైనూ నాకు అంత మిగల్చలేదు.

పెడన అమ్మాయికి ఈ బాధ లేదు. బట్ట మడతపెడితే కవర్లో ఒదుగుతుంది, బరువే కొలత. కలంకారీ వాళ్ళు ఆన్‌లైన్‌కి వెళ్తామంటే నాకు సంతోషంగా ఉండేది అందుకే.

ఒక్క ఆర్డర్‌ని కోసి చూడండి

బందరు లడ్డు ఉదాహరణ తీసుకుందాం. దీనికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనమంతా తొక్కుడు లడ్డు అనేదే. కిలో 600కి అమ్ముతున్నారనుకోండి. సరుకు ఖర్చు 400. మిగిలేది 200. అందులోంచి డబ్బా, పెట్టె, టేపు కలిపి 25 పోతాయి. కొరియర్ మీరే పెట్టుకుంటే దగ్గర ఊళ్ళకైనా 80 అనుకుందాం. పేమెంట్ గేట్‌వే 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 14 రూపాయల పైచిలుకు.

ఇంకో 2 శాతం ఉంది. చాలామంది చూడనిది ఇదే. షాపిఫైకి సొంత పేమెంట్ వ్యవస్థ ఉంది గానీ మన దేశంలో అది లేదు. ఇక్కడ వేరే గేట్‌వే పెట్టుకోవాల్సిందే. వేరేవాళ్ళది వాడినందుకు బేసిక్ ప్లాన్‌లో ప్రతి అమ్మకం మీదా 2 శాతం వాళ్ళకి కట్టాలి. 600 మీద 12 రూపాయలు. గేట్‌వేకి కట్టేది కాక ఇది.

200లోంచి 25, 80, 14, 12 తీసేస్తే 69 మిగులుతుంది. బేసిక్ ప్లాన్ నెల నెలా కడితే సుమారు 2,000. ధరలు మారుతుంటాయి, కట్టే రోజున వాళ్ళ పేజీలోనే చూసుకోండి. 2,000ని 69తో భాగించండి. ఇరవై తొమ్మిది ఆర్డర్లు అద్దెకే పోతాయి. ముప్ఫయ్యో కిలో లడ్డు నుంచి మీ ఇంటికి రూపాయి వస్తుంది. ఆ ఇరవై తొమ్మిది కిలోలకీ శనగపిండి జల్లించి, కారప్పూస వేయించి, రోట్లో తొక్కి, పాకం పట్టి, నెయ్యి పోసి కలిపిన చేతులున్నాయి. ఆ చేతుల కూలి ఈ 69లో వేయలేదు. అది గుర్తుపెట్టుకోండి.

తిండి సరుకు అమ్మేవాళ్ళకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 14 అంకెల నంబరు డబ్బా మీద ఉండాలి. ఇంట్లో చేసినా అంతే. వెబ్‌సైట్ కంటే ముందు అది.

అదే ఆర్డర్ వాట్సాప్‌లో తీసుకుని, కొన్నవాళ్ళు నేరుగా ఫోన్‌పేనో గూగుల్ పేనో చేస్తే ఆ 14 లేదు, ఆ 12 లేదు. యూపీఐ మీద వ్యాపారి చార్జీని ప్రభుత్వం 2020 జనవరి నుంచి సున్నా చేసింది. మిగిలేది 69 కాదు, 95. నెల అద్దె లేదు. వాట్సాప్ బిజినెస్ మన దేశంలో 2018 నుంచి ఉంది, ఉచితం, 500 వస్తువుల దాకా క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. చిన్నచూపు చూడకండి. మొదటి వంద ఆర్డర్లు దాని మీదే చేయండి. వంద అంటే వందే, తొంభై దగ్గర ఆపకండి.

డెలివరీ అప్పుడు డబ్బిస్తామంటే దండం పెట్టి వదులుకోండి

ఈ సలహాకి అందరూ అడ్డం తిరుగుతారు. క్యాష్ ఆన్ డెలివరీ లేకపోతే మన ఊళ్ళలో ఎవరు కొంటారంటారు. నిజమే, ఆర్డర్లు తగ్గుతాయి. తగ్గనివ్వండి.

పార్సెల్ గుడివాడ వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేరు. మర్నాడు వెళ్తే ఆయన "ఇప్పుడొద్దులే" అన్నాడు. పెట్టె వెనక్కి వచ్చింది. వెళ్ళడానికి 80, రావడానికి 80, పెట్టెకి 25. 185 పోయాయి. 69 చొప్పున మిగిలే మంచి ఆర్డర్లు దాదాపు మూడు దీనికే పోయాయి. అది లడ్డు అయితే తిరిగొచ్చిన కిలోని మళ్ళీ అమ్మడానికి లేదు. సరుకు 400 కూడా కలిపితే 585. ఎనిమిది ఆర్డర్ల కష్టం పోయి ఇంకా కొంత బాకీ. పదింటిలో ఒకటి ఇలా తిరిగొస్తే ఆ నెలంతా ఊరికే చేసినట్టే.

ముందు డబ్బు తీసుకోవడం బందరుకి, అంటే మచిలీపట్నానికి, కొత్తేమీ కాదు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ మచిలీపట్నం రేవుకి వచ్చింది. అంతకు ముందు నుంచే డచ్చివాళ్ళున్నారు. ఆ రోజుల్లో అద్దకం బట్ట బేరమంతా నమూనా చూపించి, దళారుల చేతుల మీదుగా పనివాళ్ళకి ముందుగా అడ్వాన్సు ఇచ్చి నడిచింది. సముద్రం అవతలి మనిషి కూడా ముందు డబ్బిచ్చాడు. మచిలీపట్నం పక్కన కూర్చుని అవనిగడ్డ మనిషిని ముందు డబ్బు అడగడానికి మొహమాటమెందుకు?

మొదటిసారి కొనేవాళ్ళకి నమ్మకం కావాలి, ఆ మాట ఒప్పుకుంటాను. వాళ్ళకి వీడియో కాల్ చేసి సరుకు చూపించండి. పెట్టె కడుతున్నప్పుడు ఫోటో తీసి పంపండి. ఆర్టీసీ కార్గోలో వేసి రసీదు ఫోటో పంపండి. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి హనుమాన్ జంక్షన్‌కో నూజివీడుకో వేసిన పార్సెల్‌ని వాళ్ళు తీరిక చూసుకుని బస్‌స్టాండ్‌లో తెచ్చుకుంటారు. ఇంటి దగ్గర లేరన్న గొడవ ఉండదు.

మొదటి మూడు నెలలు గరికపాడు దాటకండి

విజయవాడ వాళ్ళకి హైదరాబాద్ ఇంకా పక్కిల్లే. సగం మంది చుట్టాలు అక్కడే. మొదటి ఆర్డర్ కూకట్‌పల్లి నుంచే వస్తుంది. కానీ 2014 తరవాత జగ్గయ్యపేట దాటి గరికపాడు దగ్గర రాష్ట్రాల మధ్య గీత ఉంది. జీఎస్టీ ఆ గీతని బాగా గుర్తుపెట్టుకుంటుంది.

ఆంధ్రప్రదేశ్ లోపలే సరుకు అమ్ముకునే వ్యాపారికి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటే దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే వ్యాపారి ఒక్క లడ్డు డబ్బా కూకట్‌పల్లికి అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. చేతివృత్తుల సరుక్కి ఒక పరిమితి దాకా మినహాయింపు ఉంది గానీ దానికి పాన్ ఉండాలి, పంపిన సరుక్కి ఈ-వే బిల్లు ఉండాలి. రిజిస్ట్రేషన్ తీసుకుంటే నెలనెలా గానీ మూడు నెలలకోసారి గానీ రిటర్నులు వేయాలి, అమ్మకం లేని నెలలకి కూడా. ఆడిటర్ ఫీజు ఉంటుంది. ఇదంతా చెడ్డదని అనడం లేదు. వ్యాపారం పెరిగితే ఎలాగూ తీసుకోవాలి, తీసుకుంటే కొన్న సరుకు మీద కట్టిన పన్ను కూడా వెనక్కి సర్దుకోవచ్చు. కానీ వెబ్‌సైట్ చందా 2,000 అని బడ్జెట్ వేసుకున్న మనిషి ఈ ఖర్చుని అందులో రాసుకోదు. ఆన్‌లైన్ కొట్టు తెరిచిన రోజే దేశమంతా తెరిచినట్టే, ఆ సంగతి మొదటి ఆర్డర్ వచ్చాక తెలుస్తుంది.

ఇచ్ఛాపురం నుంచి కుప్పం దాకా మనుషులున్నారు. ముందు వాళ్ళకి అమ్మండి. మూడు నెలలు ఆగి, మీ ఆడిటర్‌ని కూర్చోబెట్టుకుని, గరికపాడు ఎప్పుడు దాటాలో నిర్ణయించుకోండి.

మచ్చని మొదటి ఫోటోలో పెట్టండి

పెడనలో టేకు అచ్చుని ఒకదాని పక్కన ఒకటి చేత్తోనే గుద్దుతారు. ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా ఆరు గజాల్లో ఎక్కడో ఒక చోట రెండు అచ్చుల అంచులు వెంట్రుకవాసి కలవవు. తీగ ఒకచోట తెగినట్టుంటుంది. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో నానబెట్టి చేసే నలుపు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా దిగుతుంది. కరక్కాయ పట్టించిన బట్ట కనక కొత్తలో ఒక వాసన ఉంటుంది.

కొట్టులోకి వచ్చిన మనిషి ఆ అతుకు మీద వేలు పెట్టి చూసి, "చేత్తో వేసిందేగా" అని సంతోషంగా కొంటుంది. ఫోన్‌లో కొన్న మనిషి ఇంటికొచ్చాక అదే అతుకు చూసి "డ్యామేజ్ పీస్ పంపారు" అంటుంది. చీర అదే, అతుకూ అదే. ముందు చూపించామా లేదా అన్నదే తేడా.

అందుకని అతుకు దగ్గరి ఫోటో మొదట పెట్టమంటాను. పగటి వెలుతురులో, అరుగు మీద, ఫిల్టర్ లేకుండా తీసింది. కింద తెలుగులో రెండు మాటలు: ఇక్కడ అచ్చు కలవలేదు, వాసన రెండు ఉతుకులకి పోతుంది. అమ్మకం కొంచెం తగ్గుతుంది, తిరిగి రావడం బాగా తగ్గుతుంది. తిరుగు పార్సెల్ ఎంత తినేస్తుందో పైన లెక్క చూశారు.

  

పుస్తకంలో రాయండి, పేజీకి ఫోటో తీయండి

ఆర్డర్లని పొడుగు పుస్తకంలో చేత్తో రాయమంటే ఈ కాలం పిల్లలు నొచ్చుకుంటారు. రాసేటప్పుడు మనసు పట్టుకునేవాటిని తెర మీద వేలు జరిపితే పట్టుకోదు. ఈవిడ మూడోసారి కొంటోంది, ఈయన ఎప్పుడూ మైలవరం అడ్రసే ఇస్తాడు, ఆకుపచ్చ అడిగినవాళ్ళు ఈ వారం ఐదుగురు. రెండోసారి కొన్నవాళ్ళ పేరు పక్కన నేను ఎర్ర చుక్క పెడతాను. నా వ్యాపారం బాగుందో లేదో ఆ చుక్కలు చూస్తే తెలుస్తుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద సింగ్ నగర్ మీద పడినప్పుడు మా సరుకు గది అక్కడే ఉంది. నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. లోపలికి వెళ్ళేసరికి మూడేళ్ళ పుస్తకాలు ఇటుకల్లా అతుక్కుపోయాయి. విడదీస్తే నీలం సిరా పేజీ అంతా పాకింది, ఒక్క ఫోన్ నంబరూ ఆనవాలు లేదు. అంతకు ముందు ఏడాది నుంచి మా అమ్మాయి పట్టుబట్టి రోజూ రాత్రి ఆ రోజు పేజీకి ఫోటో తీసేది. ఆ ఏడాది మనుషులు నాకు మిగిలారు. మిగతా రెండేళ్ళ వాళ్ళు పోయారు. ఆ దసరాకి ఫోన్లు చేయడానికి నాకున్నది ఆ ఫోటోల్లోని మనుషులే. పుస్తకం మానొద్దు, ఫోటో మానొద్దు.

పెద్ద మార్కెట్ యాప్‌లలో అమ్ముకుంటే ఈ గొడవలేవీ ఉండవు కదా అని అడుగుతారు. అది ఎగ్జిబిషన్‌లో స్టాల్ లాంటిది. జనం వాళ్ళు తెచ్చిపెడతారు, నిజమే. కొన్నావిడ ఎవరో మాత్రం మనకి మిగలదు. ఎర్ర చుక్క పెట్టడానికి పేరే ఉండదు.

ఉచితంగా దొరికే వూకామర్స్ సాఫ్ట్‌వేర్‌తో సైట్ చేసిస్తామని ఎవరైనా కుర్రవాడు వస్తే, డొమైన్ మీ పేరున, మీ ఈమెయిల్‌తో కొనమనండి. పని పూర్తయ్యాక అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోతాడు. పాస్‌వర్డు అతనితో వెళ్ళిపోతుంది. ఆ బాధ పడేకంటే అద్దె కొట్టే నయం, సర్వర్ బాగోగులు వాళ్ళు చూసుకుంటారు.

ఏడాది తగ్గింపుకి ఆశపడకండి

ఇన్ని చెప్పాక కొట్టు వద్దంటున్నానని అనుకోకండి. నాకూ ఇప్పుడు అద్దె కొట్టు ఉంది. ఏడాదికి ఒకేసారి కడితే బేసిక్ ప్లాన్ నెలకి సుమారు 1,500 పడుతుంది, నెల నెలా అయితే 2,000. నేను 2,000 వేసే కడతాను.

బొమ్మలు ఎప్పుడు కదులుతాయి? దసరాకి ముందు, సంక్రాంతికి ముందు. బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు అప్పుడే వెతుకుతారు. నాకు అక్కరకొచ్చేవి నాలుగు నెలలు. నాలుగు రెళ్ళు 8,000. ఏడాదికి కట్టి ఉంటే 18,000. తగ్గింపు తీసుకుని 10,000 ఎక్కువ కట్టినట్టు. మిగతా నెలల్లో కొట్టు మూసేయడమో, తక్కువ చార్జీకి ఆపి ఉంచే సౌకర్యం ఉంటే అది వాడుకోవడమో చేస్తాను. చీరల వాళ్ళకి శ్రావణం, పెళ్ళిళ్ళ ముహూర్తాలు. పచ్చళ్ళ వాళ్ళకి వేసవి. మన డెల్టాలో ఏ సరుక్కీ పన్నెండు నెలలూ ఒకే గిరాకీ ఉండదు.

మరి ఎప్పుడు తీసుకోవాలి? నాకు మూడు గుర్తులున్నాయి. ఉన్నది ఒక్కటే చీర, ఇద్దరు రెండు చాట్లలో ఒకేసారి డబ్బు కట్టేశారు, ఒకరికి వెనక్కి పంపి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఇక చేతి లెక్క చాలదని అదే చెబుతుంది. సరుకు అయిపోగానే బటన్ ఆపేసే కొట్టు అప్పుడు కావాలి. రెండోది, మనం నిద్రపోయే వేళలో డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో మెసేజ్ పెట్టి, పొద్దున మనం జవాబిచ్చేసరికి వాళ్ళు మనసు మార్చుకోవడం. వాళ్ళలో చాలామందికి యూపీఐ కుదరదు, కార్డుతో కట్టే దారి కావాలి. మూడోది, "ధరెంతండి" అనే ఒక్క ప్రశ్నకి జవాబులిచ్చి ఇచ్చి పెట్టెలు కట్టే టైమ్ పోవడం.

వీటిలో ఏదీ జరగకుండా కొట్టు తీసుకుంటే మన దగ్గర లేని రోగానికి మందు మింగినట్టు. ఇవి జరిగాక కూడా తీసుకోకపోతే, వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టినట్టు. పోయిన మూడు నెలల్లో అన్నిటికంటే తక్కువ మిగిలిన నెల చూడండి. అందులో పదో వంతు అద్దెకి సరిపోతే ధైర్యంగా తీసుకోండి. తీసుకున్నాక కూడా మీ ఫోన్ నంబరుని మొదటి పేజీలో కార్ట్ బటన్ కంటే పెద్దగా పెట్టండి. మా దగ్గర కొనే పెద్దవాళ్ళలో చాలామంది సైట్‌లో చూసి, ఫోన్‌లో మాట్లాడి, అప్పుడే కొంటారు. "అమ్మా, ఆ ఎడ్లబండి బొమ్మలో ఎడ్లు తెల్లవేనా?" అని అడగడానికి వాళ్ళకి మనిషి కావాలి.

పెడన అమ్మాయి నాలుగు నెలల తరవాత మళ్ళీ ఫోన్ చేసింది. ఈలోపు పుస్తకం పేజీల ఫోటోలు నాకు పంపుతూనే ఉంది. నూట పన్నెండు ఆర్డర్లు, ఎర్ర చుక్కలు ముప్ఫై ఒకటి. కాటా కొనింది. చీరకి సరిగ్గా పట్టే కవర్ విజయవాడ వస్త్రలత మార్కెట్‌లో బేరమాడి వంద తెచ్చుకుంది.

"ఇప్పుడు తీసుకోనా అక్కా?"

"ఒకే చీరకి ఇద్దరు కట్టారా?"

"మొన్న ఆదివారం కట్టారు. నెమలి అంచుది. కాకినాడ ఆవిడకి పంపి, కర్నూలు ఆవిడకి డబ్బు వెనక్కి వేశాను. ఆవిడ బాగా నొచ్చుకుంది."

"అయితే శ్రావణానికి ముందు నెల తీసుకో."

"ఏడాదిది కాదు కదా?"

"కాదు. ఆ కర్నూలు ఆవిడకి ఫోన్ చెయ్యి. నెమలి అంచు మళ్ళీ ఎప్పుడు వేస్తున్నారో మీ అన్నని అడిగి చెప్పు."

"అడిగాను. బుధవారం వేస్తాడంట," అంది.